తడబడని రాత

ఫోను మోగినప్పుడు ముందుగదిలో ఎవరూ లేరు. షాపు యజమాని బ్యాంకుకి వెళ్ళాడు. కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయి ఆ రోజు రాలేదు. వెనకగదిలో అద్దాలు అరగదీసే యంత్రం ముందున్న చిన్ని కాసేపు వినబడనట్టే ఊరుకుంది. ఫోను ఆగి, మళ్ళీ మోగింది. చేతులకంటిన తెల్లటి తడిపొడి తుడుచుకుంటూ వెళ్ళి తీసింది.

అవతల ఎవరో పెద్దావిడ, కళ్ళజోళ్ళ షాపేనా అని అడిగింది. అవునండీ అంటే సరిపోయేది. కానీ ఆ 'అ' చిన్ని గొంతులో గడియపడ్డ తలుపులా బిగుసుకుపోయింది. నోరు తెరిచే ఉంది, దవడ అదురుతోంది, శబ్దం మాత్రం రావటం లేదు. పెద్దావిడ హలో హలో అని చూసి, "లైను బాగున్నట్టు లేదు" అని పక్కన ఎవరితోనో చెబుతూ పెట్టేసింది.

చిన్నికి చిన్నప్పటినుంచీ నత్తి. ముప్ఫై దాటి చాలా కాలమైనా ఇంట్లో ఇంకా చిన్నే. అసలు పేరు వేరే ఉంది కానీ, లోకంలో ఉన్న మాటలన్నిటిలోకీ అది పలకటమే ఆమెకి కష్టం. అందుకే మనుషులతో పనిలేని వెనకగది ఆమెకి నచ్చింది. చీటీలో రాసిన పవర్ ప్రకారం అద్దం తీసుకుని, ఫ్రేము ఆకారానికి అరగదీసి, బిగించి, మెత్తటి గుడ్డతో తుడిచి ముందుగదికి పంపితే పని అయిపోయినట్టే. అద్దం ఎవరినీ పేరు అడగదు.

ఒక మాట రాకపోతే ఇంకో మాటతో పని గడుపుకోవటం ఆమెకి బాల్యంలోనే అబ్బిన విద్య. 'కిటికీ' రాకపోతే 'గవాక్షం' అనేది, ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళు. 'పుస్తకం' మొరాయిస్తే 'గ్రంథం' అనేది. 'పాలు' రాకపోతే దానికి ఇంకేం పేరుందో తట్టక 'ఆ తెల్లవి' అనేది. అలా తప్పించుకుని తప్పించుకుని, ఆ ఇంట్లో ఎవరికీ తెలియనన్ని మాటలు పోగేసుకుంది. బస్సులో తాను దిగవలసిన చోటు పేరు నోరు తిరగదు కాబట్టి, దాని తరవాతి స్టాపుకి టికెట్టు తీసుకుని, అక్కడ దిగి వెనక్కి నడిచి ఇంటికొచ్చేది. వానొచ్చినా అంతే.

ఆమె ఉండేది అక్కా బావల ఇంట్లో. అక్క ఆస్పత్రిలో రోగుల పేర్లు నమోదు చేసుకునే కౌంటరులో పనిచేస్తుంది. పొద్దస్తమానం అక్కడ మాట్లాడి, ఇంటికొచ్చి అలుపు తీర్చుకోవటానికి మళ్ళీ మాట్లాడే మనిషి. చిన్ని మొదటి అక్షరం దగ్గర అవస్థపడుతుండగానే అక్క ఆఖరి మాటకి చేరిపోయేది. బడిలో పంతులమ్మకి, మందుల షాపులో, పక్కింటివాళ్ళకి, అన్నిచోట్లా చిన్ని తరఫున అక్కే నోరు. ఒకసారి బట్టల షాపులో చిన్ని 'న' దగ్గర ఆగితే, అక్క "నల్లది" అని పూర్తిచేసింది. చిన్నికి కావలసింది నీలం. కాదని చెప్పాలంటే మళ్ళీ ఆ 'న'నే ఎక్కాలి కాబట్టి, మారు మాట్లాడకుండా నల్లదే కొనుక్కుని అది వెలిసిపోయేదాకా తొడుక్కుంది.

ఫోను వచ్చిన ఆ మధ్యాహ్నం చిన్నికి పని మీద మనసు నిలవలేదు. భోజనం గంటలో వెనకగదిలోనే కూర్చుని, జరిగింది జరిగినట్టు సెల్‌ఫోనులో రాసుకుంది. రాస్తుంటే ఎక్కడా ఆగలేదు. రాయటం అయ్యాక దాన్ని ఏం చెయ్యాలో తెలియలేదు. చెరిపెయ్యబుద్ధి కాలేదు, ఒక్కతే దాచుకోబుద్ధీ కాలేదు. సాయంత్రం బావకి చూపించింది. బావ ఎలక్ట్రీషియన్. ఇంట్లో మాట్లాడే వాటా అంతా అక్క తీసేసుకోవటంతో ఆయన తల ఊపటానికి అలవాటుపడ్డాడు. రెండుసార్లు చదివి, "బ్లాగు పెట్టుకో" అన్నాడు. ఎలా పెట్టాలో కూడా ఆయనే చూపించాడు. పేరేం పెట్టాలని అడుగుతుంటే చిన్ని చెప్పబోయి ఆగింది, మళ్ళీ చెప్పబోయి ఆగింది. చివరికి నవ్వొచ్చి 'ఆగి ఆగి' అని టైపు చేసింది.

మొదట్లో ఎవరూ చదవలేదు. తన రాత తానే తెరిచి చూసుకుంటే చూసినవాళ్ళ లెక్క ఒకటి పెరిగేది. అది తన చూపేనని తెలిసి కూడా ఇంకోసారి తెరిచేది. అద్దానికీ అద్దానికీ మధ్య ఫోను తీసేది, పెట్టేది, మళ్ళీ తీసేది. బస్సు టికెట్టు సంగతి రాసినప్పుడు మాత్రం దాన్ని ఎవరో ఎవరికో పంపారు, వాళ్ళు ఇంకెవరికో పంపారు. 'పాత రేడియో' అని మారుపేరు పెట్టుకున్న ఒకాయన, తాను ముప్ఫై ఏళ్ళుగా తప్పు స్టాపులో దిగుతున్నానని, ఈ పని చేసేది లోకంలో తానొక్కడినే అనుకున్నానని రాశాడు. చిన్ని ఆ వ్యాఖ్యని యంత్రం పక్కన నిలబడి చదివింది. స్టూలు లాక్కుని కూర్చుని మళ్ళీ మొదటినుంచీ చదివింది.

జనం పెరిగారు. జనంతోపాటు ప్రశ్నలూ పెరిగాయి. ఏ మందు వాడాలి, ఏ డాక్టరు మంచివాడు, మా అబ్బాయికి పెళ్ళయితే తగ్గుతుందా అని అడిగేవాళ్ళు. తెలియనిది తెలియదనే రాసేది చిన్ని. తనకి చిన్నప్పుడు నాలుక కింద గులకరాయి పెట్టుకుని చదవమన్నారని, ఒక రాయి మింగటం తప్ప వేరే ఫలితం కనబడలేదని రాసింది. తాను డాక్టరు కాదని, కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగించే మనిషినని ప్రతిసారీ చెప్పేది. అయినా ఒకరిద్దరు, మిమ్మల్ని నమ్మాలంటే మీరెవరో తెలియాలి కదండీ అన్నారు. ఆ మాటతో ఆమెకి ముళ్ళమీద కూర్చున్నట్టయింది. 'నా గురించి' అన్న పేజీ రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. మొహం చూపించటానికి ధైర్యం చాలక, ఫ్రేము పట్టుకున్న తన చేతుల ఫొటో పెట్టింది. పేరు పెట్టలేదు. పేరు రాస్తే ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఫోన్ చేసి, ఫలానా ఆవిడేనా అని అడుగుతారు. అప్పుడు ఏం చెయ్యాలి?

అలాంటి రోజుల్లో 'తూనికరాయి' వచ్చాడు. అదీ మారుపేరే. పెద్ద మర్యాదగానే రాశాడు. "అమ్మా, లేదా అయ్యా, మీరెవరో గానీ చాలా బాగా రాస్తారు. నా అనుమానమూ అదే. నోట మాట రానివాళ్ళకి ఇన్ని మాటలు ఎక్కడినుంచి వస్తాయి? ఎక్కడా తడబాటు లేదు. ఇది ఏదో మాటలు నేర్పే సంస్థ వాళ్ళు డబ్బిచ్చి రాయిస్తున్నదని నా నమ్మకం. కొన్నాళ్ళు ఆగండి, కింద ఫోన్ నంబరు వేస్తారు."

అతని కింద ఇంకొకరు, నాకూ అలాగే అనిపించిందన్నారు. ఇంకొకరు చేతుల ఫొటో ఎవరిదైనా కావచ్చన్నారు. నిన్నటిదాకా కన్నీళ్ళు పెట్టుకున్నామని రాసినవాళ్ళు కూడా గొంతు మార్చారు. చిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్కొక్క మాటకీ పొడవాటి జవాబు రాసింది. చదువుకుంటే అది మరీ అందంగా, మరీ తడబాటు లేకుండా ఉంది. చెరిపేసింది. పొట్టిగా రాసింది. అది కోపంగా ఉంది. దాన్నీ చెరిపేసింది. ఆ వారమంతా కాలుగాలిన పిల్లిలా వెనకగదికీ గుమ్మానికీ మధ్య తిరిగింది. ఒక ముసలాయన అద్దాన్ని కోణం తప్పి బిగించింది. ఆయన పెట్టుకుని, నేల ఒకవైపుకి ఒరిగినట్టుందని గోడ పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో అలాంటి పొరపాటు ఎన్నడూ చెయ్యలేదు. యజమాని కొత్త అద్దం తీసిచ్చాడంతే. తిడితే బాగుండుననిపించింది ఆమెకి.

ఇంట్లో ఆమె ఏమీ చెప్పకపోయినా మొహం చూసి అక్క పట్టేసింది. బ్లాగు తెరిచి అంతా చదివి, ఎవడా తూనికరాయి, వాడి ఇంట్లో ఎవరూ లేరా, వాడికి పనీపాటా లేదా అని రాత్రి భోజనాలయ్యేదాకా తిట్టిపోసింది.

తరవాతి సోమవారం చిన్ని ఫోను తెరిస్తే, తన పక్షాన ముగ్గురు రాశారు. ఒకరు, ఈవిడ మా వీధిలోనే ఉంటుంది, కళ్ళారా చూశాను అన్నారు. ఇంకొకరు చిన్నప్పుడు ఒకే బడిలో చదువుకున్నామన్నారు. మూడో మనిషి, నా కళ్ళజోడు ఈవిడే చేసింది, బంగారంలాంటి మనిషి, అనుమానించినవాళ్ళ కళ్ళు పోతాయి అన్నారు. చిన్నికి ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు వెనకగదిలో కూనిరాగం తీసింది. బడి స్నేహితురాలు ఎవరై ఉంటారా అని ఒక్కొక్క మొహమే గుర్తుచేసుకుంది.

సాయంత్రానికి తూనికరాయి మళ్ళీ వచ్చాడు. "ముగ్గురు సాక్షులూ 'అసలు సంగతేమిటంటే' అని మొదలుపెట్టారు. ముగ్గురూ 'అంతకన్నా ఏం చెప్పను' అని ముగించారు. ముగ్గురూ ఒకే కుర్చీలో కూర్చుని రాసినట్టున్నారు. ఇక దాచటం దేనికి?"

ఆ రెండు మాటలూ చిన్ని పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ వింటున్నవే. వాటి మధ్యనే పెరిగింది.

ఆ సాయంత్రం బస్సులో ఆమెకి కూర్చోవటానికి చోటున్నా కూర్చోలేదు. ఇంటికొచ్చేసరికి అక్క మంచం మీద ఆరిన బట్టలు కుప్పపోసుకుని మడతపెడుతోంది. చిన్ని ఫోను ఆమె ముందు పెట్టింది. అక్క ఒక్క చూపు చూసి, మడతపెట్టిన తువాలునే మళ్ళీ విప్పి మడతపెట్టింది.

"అ... అక్కా, ను... ను..."

"నువ్వెందుకు రాశావంటావు, అంతేగా? నిన్ను అబద్ధాలకోరు అంటుంటే చూస్తూ ఊరుకోమంటావా? అసలు సంగతేమిటంటే..."

చిన్ని అరచెయ్యి ఎత్తి పట్టుకుంది. అలా అక్క మాటకి చెయ్యి అడ్డంపెట్టటం పుట్టాక అదే మొదలు. అక్క నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. చిన్ని మాట ఎక్కటం మొదలుపెట్టింది. మధ్యలో మెడ నరాలు తేలాయి, కళ్ళు మూసుకుంది, ఒక అక్షరం దగ్గర ఊపిరి పూర్తిగా ఆగిపోయి మళ్ళీ మొదటికొచ్చింది. కానీ మాట మార్చలేదు. సులువైన దారి వెతుక్కోలేదు.

"న... నన్ను నమ్మమని నువ్వు రాసిన ప్... ప్... ప్రతి మాటా అబద్ధమే. అక్కడ ఒ... ఒక్కచోట... నా వాక్యం నేనే ము... ముగించేదాన్ని. అదీ నువ్వే ముగించేశావు."

అక్క మొహం ఎర్రబడింది. తాను చేసిందంతా ఎవరికోసమో చెప్పబోయింది. పంతులమ్మ బెత్తానికి అడ్డం వెళ్ళిన రోజులనుంచి ఎత్తుకోబోయింది. ఏమనుకుందో గానీ, బట్టల కుప్పని అలాగే వదిలేసి గదిలోంచి వెళ్ళిపోయింది.

అక్క అలిగింది. ఆ ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండటం బావకి ఎంత వింతగా తోచిందంటే, ఫ్యాను ఆగిపోయిందేమోనని పైకి చూశాడు. ఇద్దరి మధ్యా కంచాలు అందించటం, గిన్నెలు జరపటం ఆయన పనైంది. ఒకపక్క చూస్తే మరదలు, ఒకపక్క చూస్తే భార్య. ఏ పక్కా చూడకుండా అన్నం తిని లేచిపోయేవాడు.

చిన్ని ముందుగా చెయ్యవలసింది చేసింది. ఆ మూడు మాటలూ మా ఇంటి మనిషి నామీద ప్రేమతో మారుపేర్లతో రాసినవని, నాకు తెలియకుండా జరిగిందని, అయినా వాటిని చెరపనని, తప్పు తప్పుగానే అందరికీ కనబడాలని బ్లాగులో పైనే రాసిపెట్టింది. దానికీ ఎవరూ కరగలేదు. దొరికిపోయాక చెప్పేది నిజాయితీ ఎలా అవుతుందని ఒకరు అడిగారు. పాత రేడియో మాత్రం, మీ గొంతు వినిపించండి, ఈ రభస ఆగుతుంది అని సలహా ఇచ్చాడు.

గొంతు వినిపించటమంటే ఒంటిమీద గుడ్డ లేకుండా వీధిలోకి వెళ్ళమన్నట్టు అనిపించింది. రెండు రోజులు ఆ ఊసే మనసులోకి రానివ్వలేదు. కానీ అది ఎటునుంచి గెంటితే అటునుంచే మళ్ళీ వచ్చి కూర్చునేది. చివరికి ఆదివారం పొద్దున గది తలుపేసుకుని, బస్సు టికెట్టు గురించి రాసినదాన్ని ఫోనులో రికార్డు చేస్తూ చదివింది. చదువుతూ చదువుతూ ఆమెకే భయమేసింది. ఎక్కడా ఆగలేదు. 'క' వచ్చింది, 'ప' వచ్చింది, జన్మలో పలకని స్టాపు పేరు నీళ్ళలా జారిపోయింది. ఎవరూ వినకపోతే తన మాట తడబడదన్న సంగతి ఆమెకి తెలియనిది కాదు. గోడతోనూ అద్దంతోనూ ఆమె ఎప్పుడూ బాగానే మాట్లాడేది. ఇది వినిపిస్తే తూనికరాయికి పండగే.

కావాలని తడబడితే? ఆ ఆలోచన వచ్చింది. వచ్చాక ఒకసారి చేసి కూడా చూసింది. తిరిగి వింటే, బడిలో పిల్లలు తనని వెక్కిరించినప్పుడు చేసిన చప్పుడే అది. వెంటనే చెరిపేసి, గదిలో అటూ ఇటూ నడిచింది. నిజం చెప్పటానికి ఇంకో మనిషి ఎదురుగా ఉండాలి. పాత రేడియో ఎక్కడున్నాడో తెలియదు. యజమాని ముందు కూర్చోవటం ఆమెవల్ల కాదు. బావ మంచివాడే కానీ, ఆయన జాలిగా చూస్తాడు.

వంటింట్లోకి వెళ్ళింది. అక్క అటు తిరిగి ఏదో కడుగుతోంది. రావాలని, కూర్చోవాలని, వినాలని, నోరు మాత్రం విప్పకూడదని చిన్ని అడిగింది. అది అడగటానికే చాలాసేపు పట్టింది. అక్క నీళ్ళు కట్టేసి చివరిదాకా విన్నది.

"నావల్ల కాదేమో" అంది అక్క. "నువ్వు అలా ఆగిపోతే నాకిక్కడ ఊపిరాడదు. ఎప్పుడైనా ఆలోచించావా?"

చిన్ని ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ మాటే చెప్పింది. అక్క చేతులు తుడుచుకుని వెనకే వచ్చింది.

ఎదురుగా మనిషి కూర్చోగానే మాట బిగుసుకుంది. మొదటి వాక్యంలోనే 'బస్సు' దగ్గర ఆగిపోయింది. చిన్ని ఊపిరి తీసుకుంది, మళ్ళీ మొదలుపెట్టింది. స్టాపు పేరు దగ్గరకొచ్చేసరికి ఎంతసేపు ఇరుక్కుపోయిందంటే, అక్క పెదాలు ఆ పేరు ఆకారానికి వచ్చేశాయి. శబ్దం మాత్రం రానివ్వలేదు. రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకుని, కళ్ళలో నీళ్ళు గిర్రున తిరుగుతుంటే చెల్లెలి నోటివైపే చూస్తూ కూర్చుంది. పేరు ముక్కముక్కలుగా, చిట్టచివరికి, వచ్చింది. చదవటానికి కాస్తంతే ఉన్న ఆ రాత పూర్తయ్యేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి. చిన్ని తిరిగి వినలేదు. వింటే పెట్టలేనని తెలుసు. అలాగే బ్లాగులో పెట్టేసి, ఫోను దిండు కింద తోసి, కాస్త గాలి పీల్చుకోవటానికి వీధిలోకి వెళ్ళిపోయింది. మూడు వీధులు తిరిగి, ఇక ఉండబట్టలేక పరుగులాంటి నడకతో వెనక్కి వచ్చింది.

అన్నీ మంచి మాటలే రాలేదు. ఒకడు ఎగతాళి చేశాడు. ఒకావిడ ఇంతసేపు వినటం కష్టంగా ఉంది, రాతే నయం అంది. కొందరు ఏమీ అనకుండా రావటం మానేశారు. పాత రేడియో జవాబుగా తన గొంతే పంపాడు. ఆయన తన పేరు చెప్పటానికి పడ్డ పాట్లు విని చిన్ని మొదటిసారి పైకి నవ్వింది, వెక్కిరింపుగా కాదు, బంధువు గొంతు గుర్తుపట్టినట్టు. తూనికరాయి మాత్రం మళ్ళీ రాలేదు. నమ్మాడో, నమ్మలేదో, విసుగెత్తిందో తెలియదు. చిన్ని చాలాకాలం అతని కోసం ఎదురుచూసింది. పది మంది నమ్మామన్నా ఆ ఒక్కడి మాట రానందుకు లోపల ఏదో గీరుతూనే ఉండేది. అతని వ్యాఖ్యలు కూడా చెరపలేదు. అవి ఉంటేనే మిగతావాటికి విలువని ఆమెకి తోచింది. ఆ తరవాత 'నా గురించి' పేజీలో తన పూర్తి పేరు రాసింది.

అక్క మాట్లాడటం మళ్ళీ మొదలుపెట్టింది గానీ, చెల్లెలితో మాట్లాడేటప్పుడు మధ్యమధ్య పళ్ళు బిగబట్టేది. మరిచిపోయి దూరిపోయిన సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు చిన్ని అదే మాట మళ్ళీ మొదటినుంచీ చెప్పేది. పని తెమలక బావ టైము చూసుకునేవాడు.

కొన్నాళ్ళకి ఒక తల్లి రాసింది. మా చిన్నది మాట కోసం గింజుకుంటుంటే చూడలేక నేనే అందిస్తున్నాను, తప్పా అని. చిన్ని జవాబు మొదలుపెట్టి, సగంలో ఆపింది. అందుకునే వైపు సంగతి తనకి తెలుసు, అందించే వైపు సంగతి తనకేం తెలుసు? ఫోను పట్టుకుని అక్క దగ్గరకి వెళ్ళి, అప్పట్లో నీకెలా ఉండేదో చెప్పమంది. అక్క చెప్పటం మొదలుపెట్టాక ఇక ఆపలేదు. చిన్ని వేళ్ళు ఆ వేగాన్ని అందుకోలేకపోయాయి. కాస్త ఆగమంటే అక్క ఆగేది కాదు. ఈ మాటలు నావి కావు, మా అక్కవి, ఆవిడ చెబుతుంటే రాసుకున్నాను అని పైన రాసి, పెట్టేముందు అక్కకి చదవటానికిచ్చింది.

అక్క ముక్కు మీదకి కళ్ళజోడు లాక్కుని చదివింది. "ఇది నేనన్న మాట కాదు" అంది ఒక వాక్యం మీద వేలుపెట్టి. "నేను భయపడ్డానన్నాను. నువ్వు బాధపడ్డానని రాశావు."

"రె... రెండూ ఒకటే కదక్కా."

"ఒకటెలా అవుతుంది? మార్చు."

చిన్ని వాదించబోయింది. అక్క ఈసారి ఆమె మాట పూర్తయ్యేదాకా కూర్చుని, అంతా విని, మళ్ళీ అదే అంది. చిన్ని విసుక్కుంటూ ఫోను తీసుకుని, ఆ మాట కొట్టేసి మళ్ళీ రాయటానికి కూర్చుంది.